లెక్కకు చిక్కిన కణం

పిల్లలూ! ఆటల్లో పడి మోకాలు చెక్కుకుపోని వాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరనే అనుకుంటాను. కాస్త నెత్తురు వస్తుంది, అమ్మ చూస్తే నాలుగు కేకలు పడతాయి, వారం తిరిగేసరికి పెచ్చు కట్టి ఊడిపోతుంది. పోయిన నెత్తురు మాట మళ్ళీ ఎవరూ తలుచుకోరు. తలుచుకోవలసిన పని లేదు, అది తిరిగి వచ్చేసింది కనక. ఎక్కడినుంచి వచ్చింది?

దెబ్బ తగలకపోయినా నెత్తురు తరిగిపోతూనే ఉంటుందని మీకు తెలుసా? ఒక లెక్క చేద్దాం, కాగితమూ పెన్సిలూ తీసుకోండి. పెద్దవాడి ఒంట్లో సుమారు 25 లక్షల కోట్ల ఎర్ర రక్తకణాలు ఉంటాయి. ఒక్కొక్క ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. తరువాత చచ్చిపోతుంది. అంటే ఈ 120 రోజులలో 25 లక్షల కోట్లూ పోయి, వాటి చోట కొత్తవి రావాలి. భాగించండి. రోజుకు 20,833 కోట్లు. రోజుకు 86,400 సెకన్లు కదా, మళ్ళీ భాగించండి. సెకనుకు సుమారు 24 లక్షలు! మీరు "ఒకటి" అని అనేలోపల మీ నాన్నగారి ఒంట్లో 24 లక్షల ఎర్రకణాలు పోయాయి, 24 లక్షలు పుట్టాయి. ఇందులో తెల్లకణాలను కలపలేదు. డెంగీ జ్వరం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు కంగారుపడుతూ అడిగే ప్లేట్‌లెట్లనూ కలపలేదు. అవన్నీ వేరు.

ఇంత పెద్ద కార్ఖానా మన ఎముకలలో ఉన్నది. ఎముక లోపల మెత్తగా ఉండే పదార్థాన్ని మూలుగ అంటారు. మాంసం తినే ఇళ్ళలో పిల్లలకు మూలుగ ఎముక సంగతి నేను చెప్పనక్కరలేదు, దానికోసం అన్నదమ్ములు తగాదా పడటం మామూలే. పెద్దవాళ్ళలో రక్తం తయారయేది ముఖ్యంగా తుంటి ఎముకలలోను, రొమ్ము ఎముకలోను, వెన్నుపూసలలోను, పక్కటెముకలలోను ఉండే ఎర్రమూలుగలో.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రైతు గాదెలోని ధాన్యమంతా వండుకు తినేస్తే వచ్చే ఏడు చల్లటానికి ఏమీ మిగలదు. అందుకే విత్తనాలు వేరే తీసిపెడతాడు. మూలుగలోని కణాలన్నీ ఎర్రకణాలుగానో, తెల్లకణాలుగానో మారిపోయి, తమ పని చేసి, చచ్చిపోతూ ఉంటే కార్ఖానా నెల తిరగకుండా మూతపడాలి కదా? కాని డెబ్భై, ఎనభై ఏళ్ళు ఆగకుండా నడుస్తున్నది. అంటే మూలుగలో ఎక్కడో విత్తనపు కణాలు ఉండి ఉండాలి. అవి పిల్లలను పుట్టించి పంపుతూ, తాము మాత్రం తరిగిపోకుండా ఉండాలి. ఇటువంటి వాటినే మూలకణాలు అంటారు.

ఇది కొత్త ఊహ కాదు. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు మాక్సిమోవ్ 1909లోనే, రక్తకణాలన్నిటికీ తల్లికణం ఒకటే అయి ఉండాలని చెప్పాడు. చెప్పాడు గాని చూపించలేకపోయాడు. సూక్ష్మదర్శిని కింద మూలుగను పెట్టి చూస్తే గుండ్రటి కణాలు వేలకు వేలు కనిపిస్తాయి. వాటిలో తల్లి ఏది? సంతలో తప్పిపోయిన పిల్లవాణ్ణి చొక్కా రంగు చెప్పి వెతకవచ్చు. తల్లికణానికి అటువంటి గుర్తేమీ లేదు. కనక యాభై ఏళ్ళపాటు శాస్త్రజ్ఞులు ఉన్నదనీ లేదనీ వాదించుకుంటూ ఉండిపోయారు.

ఈ వాదానికి ముగింపు వచ్చిన దారి ఎవరూ ఊహించనిది. అది ఒక ఘోరంతో మొదలయింది. 1945 ఆగస్టులో జపానులోని హిరోషిమా, నాగసాకి నగరాలమీద అణుబాంబులు పడ్డాయి. మంటలకు, పేలుడుకు వెంటనే చనిపోయినవారు చనిపోగా, పైకి గాయం అంతగా లేని మనుషులు కూడా కొన్ని వారాలకు జ్వరాలు వచ్చి, చిగుళ్ళనుంచి రక్తం కారి చనిపోయారు. కారణం ఏమిటంటే, బాంబునుంచి వచ్చిన కిరణాలు వారి మూలుగను చంపేశాయి. కొత్త తెల్లకణాలు లేవు, కనక రోగాలతో పోరాడే దిక్కు లేదు. ప్లేట్‌లెట్లు లేవు, కనక రక్తం గడ్డకట్టదు.

దీనికి విరుగుడు ఉన్నదా అని ఆ తరువాత అనేకమంది ఎలుకలమీద పరిశోధనలు చేశారు. ఎక్స్‌కిరణాలు బాగా తగిలిన చిట్టెలుక సుమారు రెండు వారాలలో చచ్చిపోతుంది. కాని దాని ఒంట్లోకి ఆరోగ్యంగా ఉన్న మరొక ఎలుక మూలుగను సూదితో ఎక్కిస్తే బతుకుతుంది! 1950ల మొదట్లోనే ఇది తెలిసింది. మూలుగలోని ఏదో ఒక రసం ఎలుకను బతికిస్తున్నదని కొందరు అనుకున్నారు, కాదు కణాలే అని కొందరు అన్నారు. కణాలే అని కొన్నేళ్ళకు తేలింది. సరే, ఏ కణాలు? ఎన్ని?

"ఎన్ని?" అన్న ఈ చిన్న ప్రశ్నను పట్టుకున్నవాళ్ళు కెనడా దేశంలో ఇద్దరు.

టొరంటో నగరంలో ఒంటారియో క్యాన్సరు సంస్థ అని కొత్తగా ఒక పరిశోధనాలయం, దానితోపాటు ఒక ఆసుపత్రి 1950ల చివర వెలిశాయి. అక్కడ పనిచేయటానికి వచ్చినవాళ్ళలో ఎర్నెస్ట్ మెకల్లక్ వైద్యుడు. టొరంటోలోనే 1926లో కలిగిన కుటుంబంలో పుట్టి, అక్కడే వైద్యం చదివాడు. రెండవవాడు జేమ్స్ టిల్. 1931లో పుట్టాడు. పడమటి కెనడాలో లాయిడ్‌మినిస్టర్ అనే ఊరి దగ్గర గోధుమచేల మధ్య పెరిగిన రైతుబిడ్డ. ఆయన చదివినది వైద్యం కాదు, భౌతికశాస్త్రం. క్యాన్సరును కోబాల్టు కిరణాలతో మాన్పే యంత్రాన్ని 1951లో నడిపించిన హెరాల్డ్ జాన్స్ అనే ఆచార్యుడి శిష్యుడు.

ఈ ఇద్దరికీ పోలిక లేదు. మెకల్లక్ పొట్టిగా, లావుగా ఉండేవాడు. ఆయన ఆలోచన ఒకచోట నిలిచేది కాదు, ఒక విషయం చెబుతూ చెబుతూ మరొక విషయంలోకి గెంతేవాడు. టిల్ పొడుగు, సన్నం. ఏ మాటనైనా కొలిచి, తూచి, అంకెలలో పెట్టి చూస్తేగాని ఒప్పుకునేవాడు కాదు. ఇటువంటి వాళ్ళను ఒక బల్లమీద కూర్చోబెడితే గంటలో గొడవ వస్తుందని ఏ మాస్టరైనా అనుకుంటాడు. వీళ్ళు కొన్ని దశాబ్దాలు కలిసి పనిచేశారు. ఒకరికి తట్టనిది రెండవవారికి తట్టేది, అంతే.

వాళ్ళు తలపెట్టిన పని ఇది. రేడియేషన్‌కు మూలుగ కణాలు ఎంతవరకు తట్టుకుంటాయో కొలవాలి. అందుకోసం చిట్టెలుకలకు వాటి మూలుగ చచ్చిపోయేటంత మోతాదులో కిరణాలు ఇచ్చారు. తరువాత మంచి ఎలుక మూలుగను తీసి, కణాలను లెక్కపెట్టి, ఒక ఎలుకకు కొన్ని వేలు, మరొకదానికి అంతకు రెట్టింపు, ఇంకొకదానికి ఇంకా ఎక్కువ, ఇలా రకరకాల మోతాదులు ఎక్కించారు. ఎన్ని కణాలు ఎక్కిస్తే ఎన్ని ఎలుకలు బతుకుతాయో చూడాలని వారి ఉద్దేశం.

పాపం, ఎలుకలు! అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అనుకోవటం మంచిదే. ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఆ ఎలుకల మూలంగా ఎవరికి ఏం మేలు జరిగిందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

1960లో ఒక ఆదివారం. సెలవు రోజు. అయినా ఎలుకలకు సెలవు లేదు కదా, ఎక్కించి పది రోజులు అయింది, వాటిని చూడవలసిన రోజు వచ్చింది. మెకల్లక్ ఒక్కడే ప్రయోగశాలకు వెళ్ళాడు. ఎలుకలను కోసి లోపల చూశాడు. కడుపులో ఎడమవైపు ప్లీహం అనే అవయవం ఉంటుంది. నాలుకలాగా బద్దగా, ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. మామూలుగా అది నున్నగా ఉండాలి. ఈ ఎలుకల ప్లీహాలమీద బొడిపెలు ఉన్నాయి! గోడమీద సున్నం పొంగినట్టు, అక్కడొకటి అక్కడొకటి.

ఈ బొడిపెలు అంతకు ముందు ఇంకెవరి కంటనూ పడలేదని చెప్పలేం. పడ్డా, "ఏదో వాపు" అనుకుని వదిలేసి ఉంటారు. మెకల్లక్ వదల్లేదు. కూర్చుని లెక్కపెట్టాడు. ఏ ఎలుకకు ఎన్ని కణాలు ఎక్కించారో పుస్తకంలో రాసే ఉన్నది. దాని పక్కన బొడిపెల సంఖ్య వేసుకున్నాడు. ఒక కాగితంమీద గ్రాఫు గీశాడు. కణాల సంఖ్య అడ్డంగా, బొడిపెల సంఖ్య నిలువుగా. చుక్కలు కలిపితే తిన్నని గీత వచ్చింది.

గీత చూసి అంత సంబరమెందుకు? నేను బడిలో లెక్కలు చెప్పిన రోజులలో, గ్రాఫు కాగితంమీద చుక్కలు పెట్టమంటే "దీనివల్ల ఏం లాభమండీ?" అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. ఆ ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు నాకు తెలియదు. జాగ్రత్తగా వినండి.

పెరట్లో మీరు చిక్కుడు గింజలు చల్లారనుకోండి. నూరు గింజలకు పది మొక్కలు వచ్చాయి. రెండు వందలు చల్లితే ఇరవై వచ్చాయి. మూడు వందలకు ముప్ఫై. గ్రాఫు గీస్తే తిన్నని గీతే. దీని అర్థం ఏమిటి? పదింటిలో ఒక గింజ మొలకెత్తే గింజ, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క గింజ చాలు.

అలాగాక, మొక్క రావాలంటే రెండు గింజలు ఒకే గుంటలో పడి తీరాలన్న నియమం ఉన్నదనుకోండి. అప్పుడు గింజలు రెట్టింపు చేస్తే, జతలు పడే అవకాశం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలు చల్లితే తొమ్మిదింతలు. గీత తిన్నగా ఉండదు, పైకి వంగిపోతుంది. (నమ్మకం లేకపోతే బియ్యపు గింజలు గళ్ళ కాగితంమీద చల్లి, జంటలు పడిన గళ్ళు లెక్కపెట్టి చూడండి. చాలాసార్లు చల్లాలి సుమా, ఒకసారి చల్లితే తెలియదు.)

మెకల్లక్‌కు వచ్చినది తిన్నని గీత. ఎక్కించిన ప్రతి పదివేల మూలుగ కణాలకు సుమారు ఒక బొడిపె చొప్పున వచ్చింది. బొడిపె తెరిచి చూస్తే అందులో దగ్గర దగ్గర పది లక్షల కణాలు, విభజన చెందుతూ. ఎర్రకణాలు కాబోయేవి ఉన్నాయి, తెల్లకణాలు కాబోయేవి ఉన్నాయి, ప్లేట్‌లెట్లను విడిచే పెద్దకణాలూ ఉన్నాయి. అంటే పదివేలలో ఒక కణం వెళ్ళి ప్లీహంలో నాటుకుని, పది రోజులలో ఇంత సంతానాన్ని కన్నదన్నమాట! యాభై ఏళ్ళుగా ఎవరి కంటికీ కనిపించని తల్లికణం, అది చేసిన పనినిబట్టి లెక్కకు చిక్కింది.

చిక్కిందా? ఇక్కడే టిల్ గొప్పతనం తెలుస్తుంది. గీత తిన్నగా ఉన్నంత మాత్రాన ఒప్పుకోవటానికి వీలులేదు. చిక్కుడు గింజలు విడివిడిగా కాక, కాయలకు కాయలే పాతిపెట్టారనుకోండి. ఒక్కొక్క కాయనుంచి ఒక గుబురు లేస్తుంది. రెట్టింపు కాయలు పాతితే రెట్టింపు గుబుర్లు. అప్పుడు కూడా గీత తిన్నగానే ఉంటుంది! కాని గుబురు ఒక గింజనుంచి వచ్చింది కాదు, ఐదారు గింజలనుంచి వచ్చింది. అలాగే, మూలుగ కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలుగా ప్లీహంలో చేరి ఉంటే? ఒక కణం ఎర్రవాటినీ, పక్క కణం తెల్లవాటినీ పుట్టించి ఉంటే? అప్పుడు అన్నిటికీ ఒకే తల్లి అన్నమాట నిలవదు.

కనక వాళ్ళు తొందరపడలేదు. 1961లో ఒక పత్రికలో తమ లెక్కలు ప్రచురించారు గాని, "మూలకణం దొరికింది" అని చాటలేదు. ఆ వ్యాసం పేరు చూస్తే ఎవరికైనా ఆవులింత వస్తుంది. ఎలుక మూలుగ కణాలు రేడియేషన్‌కు ఎంత లోనవుతాయో నేరుగా కొలవటం గురించి, అని దాని సారాంశం. పత్రిక కూడా రేడియేషన్ పరిశోధకులు చదివేది. చాలామంది కంట అది పడనేలేదు. బొడిపెను పుట్టించే ఆ కణానికి కూడా గొప్ప పేరేమీ పెట్టలేదు, "గుంపు కట్టే ప్రమాణం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. కణం అని కూడా అనలేదు చూశారా! అది ఒక్క కణమే అని రుజువు కాలేదు కనక.

రుజువుకు దారి చూపిన పనిలో ముఖ్యుడు ఆండ్రూ బెకర్ అనే విద్యార్థి. ఆయన చేసినది తెలుసుకోవాలంటే మీరు ఇటుకల బట్టీ దగ్గరికి రావాలి. ఇటుకలు కోసేవాడి చెక్క అచ్చు ఒక మూల విరిగితే, ఆ అచ్చులో పోసిన ప్రతి ఇటుకకూ అదే మూల అదే సొట్ట పడుతుంది. వెయ్యి ఇటుకల కుప్పలో అన్నిటికీ ఒకే సొట్ట కనిపిస్తే అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చాయని గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు.

కణంలో క్రోమోసోములని దారపు ముక్కలవంటివి ఉంటాయి. చిట్టెలుకకు అవి 40. కణం రెండయేటప్పుడు వాటికి నకళ్ళు తయారై, రెండు కణాలకూ చేరతాయి. రేడియేషన్ తగిలితే అవి అప్పుడప్పుడు విరిగి, తప్పుగా అతుక్కుంటాయి. ఆ విరుపులు ఒక్కొక్క కణంలో ఒక్కొక్క రకంగా ఉంటాయి. విరుపు ఉండి కూడా కణం బతికితే, దాని పిల్లలకూ, పిల్లల పిల్లలకూ అదే విరుపు వస్తుంది. బెకర్, మెకల్లక్, టిల్ ముగ్గురూ ఎక్కించిన మూలుగ కణాలకు కూడా కొంత రేడియేషన్ తగిలించారు. తరువాత బొడిపెలు తీసి, విభజన చెందుతున్న కణాలలో క్రోమోసోములను ఒక్కొక్కటే చూశారు. చాలా బొడిపెలలో విరుపు ఏదీ లేదు. కాని కొన్నిటిలో కనిపించింది. కనిపించిన బొడిపెలో విభజన చెందుతున్న దాదాపు ప్రతి కణంలోనూ ఆ ఒక్క విరుపే! ఒక బొడిపెలోని విరుపు మరొక బొడిపెలో లేదు. ఎన్ని కుప్పలో అన్ని అచ్చులు.

ఈ రుజువు 1963లో "నేచర్" పత్రికలో అచ్చయింది. బొడిపె ఒక్క కణంనుంచే పుడుతుందని తేలిపోయింది.

ఇంకొక్క సందేహం మిగిలింది. ఆ కణం విత్తనాన్ని కూడా మిగుల్చుతున్నదా? లేక ఉన్నదంతా పంటగానే ఖర్చు చేస్తున్నదా? దీన్ని చూడటానికి ఆ ఏడే, లూయీ సిమినోవిచ్ అనే మరొక శాస్త్రజ్ఞుడితో కలిసి, ఒక్కొక్క బొడిపెను మెదిపి, ఆ కణాలను మళ్ళీ కొత్త ఎలుకలకు ఎక్కించారు. కొత్త బొడిపెలు వచ్చాయి. అంటే తల్లి తనవంటి తల్లులను కూడా కన్నది! అయితే కొన్ని బొడిపెలనుంచి చాలా వచ్చాయి, కొన్నిటినుంచి ఒకటో రెండో, కొన్నిటినుంచి అసలేమీ రాలేదు. ఎందుకింత తేడా? రూపాయి బిళ్ళను ఎగరేస్తే బొమ్మో బొరుసో పడినట్టు, కణం రెండయినప్పుడల్లా తల్లిగా ఉండిపోవటమో, పనికణంగా మారటమో కొంతవరకు పాచికల ఆటలాగా జరుగుతుందనుకుంటే ఈ తేడా అంతా లెక్కకు సరిపోయింది. ఆ లెక్కను 1964లో ప్రచురించారు. ఇది మీరు పై తరగతులలో సంభావ్యత నేర్చుకున్నాక బాగా రుచిస్తుంది. ఇప్పుడు వదిలేద్దాం.

ఒక కణాన్ని మూలకణం అనాలంటే రెండు గుణాలు ఉండాలి: తనవంటిదాన్ని కనగలగాలి, వేరే పనికణాలనూ పుట్టించగలగాలి. ఈ రెండూ ప్రయోగంలో చూపించిన మొదటివాళ్ళు టొరంటోవాళ్ళే.

ఇక ఈ ఎలుకల బొడిపెలతో మనుషులకు ఏం పని అని అడగండి.

లుకేమియా అని రక్తానికి వచ్చే క్యాన్సరు ఒకటి ఉన్నది. చిన్నపిల్లలకు కూడా వస్తుంది. మూలుగలో చెడిపోయిన తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, కార్ఖానానంతా ఆక్రమించుకుంటాయి. ఈ జబ్బును మొదటిసారి వెనక్కు తగ్గించిన మందులలో మన తెలుగువాడి చెయ్యి ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థలో పరిశోధన చేస్తుండగా, ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టరు ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. కొందరు పిల్లలు తేరుకున్నారు. 1948లో ఆ సంగతి ప్రకటించారు. ఆ ఏడే సుబ్బారావుగారు చనిపోయారు. తేరుకున్న పిల్లలకు మాత్రం కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టేది.

చెడిపోయిన కార్ఖానాను మొత్తం పడగొట్టి, కొత్త విత్తనం చల్లితే? ఇదే మూలుగ మార్పిడి. అమెరికాలో డొనాల్ థామస్ అనే వైద్యుడు 1957లో తన మొదటి ప్రయత్నాల ఫలితం ప్రకటించాడు. ఆరుగురు రోగులు, ఆరుగురూ చనిపోయారు. చాలామంది ఇక ఇది జరిగే పని కాదని చేతులు దులుపుకున్నారు. థామస్ వదల్లేదు. ఒకరి మూలుగ మరొకరికి సరిపడాలంటే కణాలమీద ఉండే గుర్తులు కలవాలని ఆ తరువాత మెల్లగా తెలిసింది. 1968లో అమెరికాలోని మినియాపోలిస్‌లో, రోగాలను ఎదుర్కొనే శక్తి లేకుండా పుట్టిన ఒక పసివాడికి అతని అక్క మూలుగ ఎక్కించారు. పిల్లవాడు బతికాడు. థామస్‌కు 1990లో నోబెలు బహుమానం వచ్చింది. మన దేశంలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ఆసుపత్రి ఈ చికిత్స 1986లో మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాదులోనూ చేస్తున్నారు. లుకేమియాకే కాదు, తలసీమియా అని పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలకు కూడా.

ఇక్కడా ఒక లెక్క ఉన్నది. ఒక తల్లి, ఒక తండ్రి పిల్లలలో ఇద్దరి గుర్తులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. కనక ఒక అన్నో చెల్లెలో ఉన్నంత మాత్రాన సరిపోతుందని లేదు. సరిపడిన బిడ్డ దొరికినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళ సంతోషం ఎంతటిదో చెప్పలేం. ఇచ్చేవాళ్ళకు కొద్దిపాటి నొప్పి తప్ప నష్టం ఉండదు. తీసిన మూలుగ కొద్ది వారాలలో తిరిగి పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు మీకే తెలుసు.

టిల్, మెకల్లక్‌ల లెక్కలో తరువాత కొంత దిద్దుబాటు జరిగింది. పది రోజులకు బొడిపె కట్టే కణాలలో చాలా భాగం అన్నిటికన్న మొదటి తల్లులు కావు, వాటి కూతుళ్ళని చెప్పవచ్చు. అసలు తల్లులు ఇంకా అరుదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం 1988లో ఎలుక మూలుగనుంచి వాటిని దాదాపు విడిగా ఏరి చూపించింది. దీనివల్ల టొరంటోవాళ్ళ పని చిన్నబోయిందని నేను అనుకోను. వాళ్ళు వేసిన మెట్టు లేకపోతే పైమెట్టుకు కాలు ఎక్కడ పెడతారు?

మెకల్లక్ తరువాతి కాలమంతా ఎక్కువగా లుకేమియామీదే పనిచేశాడు. టిల్ క్యాన్సరు రోగులు ఎలా బతుకుతున్నారు, వాళ్ళ కష్టసుఖాలను ఎలా కొలవాలి అన్నదానిమీద దృష్టి పెట్టాడు. శాస్త్ర వ్యాసాలు డబ్బు పెట్టి కొనుక్కోనక్కరలేకుండా అందరికీ దొరకాలని వాదించాడు. ఇద్దరికీ కలిపి 1969లో కెనడాలో గేర్డ్నర్ బహుమానం, 2005లో అమెరికాలో లాస్కర్ బహుమానం వచ్చాయి. నోబెలు రాలేదు. రావలసిందని చాలామంది అన్నారు, నా అభిప్రాయమూ అదే. మెకల్లక్ 2011 జనవరిలో చనిపోయాడు.

పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి, మీరే చదివి వినిపించండి. ఈ మధ్య మూలకణాల పేరు చెప్పి మోకాళ్ళ నొప్పులు, పక్షవాతం, పిల్లలలో బుద్ధిమాంద్యం అన్నీ నయం చేస్తామని ప్రకటనలు వస్తున్నాయి. పొలం అమ్మి డబ్బు కట్టేవాళ్ళూ ఉన్నారు. రక్తసంబంధమైన జబ్బులకు చేసే మార్పిడి తప్ప, ఇటువంటి చికిత్సలను ఇంకా పరిశోధనలో ఉన్నవాటిగానే చూడాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. రుజువు కాకముందు "కణం" అన్న మాట కూడా వాడని వాళ్ళ కథ విన్నారు కదా. బొడిపెలు లెక్కపెట్టారా, గ్రాఫు ఎక్కడ, అని ఆ ప్రకటనలవాళ్ళను అడగమనండి.

మూలుగ మార్పిడి జరిగే గదిలో చూడటానికి విశేషమేమీ ఉండదు. ఎర్రటి ద్రవమున్న సంచి ఒకటి వేలాడదీసి, మామూలు రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. ఎక్కించేముందు లెక్క చూస్తారు. రోగి బరువు కిలోకు కనీసం 20 లక్షల చొప్పున, మూలకణాలూ వాటి దగ్గరి సంతతీ ఆ సంచిలో ఉండాలి. ఎముకలకు దారి వాటికి ఎవరూ చూపించరు, అవే వెతుక్కుంటూ పోతాయి. తరువాత రెండు మూడు వారాలు ఎదురుచూడటమే. రోజూ రక్తం తీసి, రోగాలతో మొదట తలపడే ఒక రకం తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. మొదట్లో దాదాపు సున్నా. ఒక రోజు కొన్ని కనిపిస్తాయి. మైక్రోలీటరుకు, అంటే ఆవగింజంత బొట్టుకు, ఆ అంకె 500 చేరి మూడు రోజులు వరుసగా నిలిస్తే, విత్తనం మొలిచిందని ఇంటివాళ్ళకు చెబుతారు.